ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో గాలి డేటా విశ్లేషణ: లాగర్ ఫైల్ నుంచి దీర్ఘకాల సగటు దాకా

"లాగర్ ఫైల్ చేతికొచ్చింది. పైథాన్ కాస్త వచ్చు. ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి?" అని చాలామంది అడుగుతున్నారు. విడివిడిగా జవాబులిస్తూ పోతే ఎవరికీ మొత్తం దారి కనబడదు. అందుకే ఒక మెట్ మాస్ట్ (గాలి కొలిచే సెన్సర్లు బిగించిన స్తంభం) మీద లాగర్ (కొలతల్ని దాచిపెట్టే పరికరం) పది నిమిషాలకోసారి రికార్డు చేసిన డేటాను తీసుకుని, దీర్ఘకాల గాలి వేగం, దిశల పంపిణీ, శక్తి సాంద్రత లెక్కించేదాకా ఉన్న పనినంతా వరసగా రాస్తున్నాను.

ఈ వరస మార్చొద్దని ముందే గట్టిగా చెబుతున్నాను. లాగర్ గడియారం తప్పుంటే కోరిలేషన్ (రెండు డేటాల మధ్య పొంతన) చెడుతుంది. దిశ తప్పుంటే క్లీనింగ్ చెడుతుంది. క్లీనింగ్ చెడితే షియర్ (ఎత్తుతో గాలి వేగం పెరిగే తీరు) చెడుతుంది. గాలిలో ఉండే శక్తి వేగపు ఘనానికి అనుపాతంలో ఉంటుంది కాబట్టి, వేగంలో 1 శాతం తప్పు శక్తి దగ్గరకొచ్చేసరికి దాదాపు 3 శాతం అవుతుంది. సాఫ్ట్‌వేర్ ఈ తప్పుల్ని పట్టుకోదు. ఏ డేటా ఇచ్చినా అందమైన గ్రాఫ్ గీసి ఇస్తుంది.

## 1. కంప్యూటర్ తెరిచే ముందు కాగితాలు

కొత్తవాళ్లు దాటేసే మెట్టు ఇదే. మాస్ట్ నిలబెట్టినప్పుడు రాసిన ఇన్‌స్టలేషన్ రిపోర్టు, క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్లు, మెయింటెనెన్స్ రికార్డు లేకుండా విశ్లేషణ మొదలుపెట్టకండి. ఉన్నవాటిని అడిగి తెప్పించుకోవడానికి వారం పట్టినా పర్వాలేదు.

☐ మాస్ట్ అక్షాంశం, రేఖాంశం, సముద్రమట్టం నుంచి ఎత్తు
☐ ప్రతి సెన్సర్ నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, దాని సీరియల్ నంబర్
☐ ప్రతి బూమ్ (సెన్సర్‌ను మాస్ట్ నుంచి దూరంగా పట్టుకునే అడ్డకడ్డీ) ఏ దిక్కుకు చూస్తోంది, ఆ కొలత అయస్కాంత ఉత్తరం నుంచా, నిజ ఉత్తరం నుంచా
☐ సర్టిఫికెట్‌లో ఉన్న స్లోప్, ఆఫ్‌సెట్ (సెన్సర్ సిగ్నల్‌ను గాలి వేగంగా మార్చే రెండు అంకెలు)
☐ లాగర్‌లో నిజంగా ప్రోగ్రామ్ చేసిన స్లోప్, ఆఫ్‌సెట్ (రెండూ ఒకటే అని అనుకోవద్దు)
☐ వేన్ (గాలి దిశ కొలిచే సెన్సర్) ఆఫ్‌సెట్, దాన్ని లాగర్‌లోనే కలిపారా లేదా
☐ లాగర్ టైమ్ జోన్, టైమ్‌స్టాంప్ పది నిమిషాల మొదటిదా, చివరిదా
☐ ఏ సెన్సర్ ఏ తేదీన మార్చారు

వీటన్నిటినీ ఒకే ఫైల్‌లో రాసిపెట్టుకోండి. ఈ వివరాల కోసమే అంతర్జాతీయ ఇంధన సంస్థ విండ్ టాస్క్ 43 బృందం ఒక ఉచిత జేసన్ ఫార్మాట్ తయారుచేసింది. సెన్సర్ మార్పులు తేదీలతో సహా అందులో ఇముడుతాయి. బ్రైట్‌విండ్ లైబ్రరీ ఆ ఫైల్‌ను నేరుగా చదవగలదు. ఒకటి రెండు మాస్ట్‌లకైతే మామూలు స్ప్రెడ్‌షీట్ చాలు. పది మాస్ట్‌లుంటే మాత్రం ఆ ఫార్మాట్ నేర్చుకోండి.

## 2. టూల్స్, ఫోల్డర్లు

ఈ పనికి సరిపోయేవి ఇవి:

- పైథాన్, జూపిటర్ నోట్‌బుక్: పని చేసే చోటు
- పాండాస్: టైమ్ సిరీస్‌లన్నిటికీ
- బ్రైట్‌విండ్: షియర్, కోరిలేషన్, ఫ్రీక్వెన్సీ టేబుల్ వంటి గాలి లెక్కలకు
- విండ్‌రోజ్: దిశల పటానికి
- సైపై: వీబుల్ (గాలి వేగాల పంపిణీని వర్ణించే గణిత వక్రరేఖ) ఫిట్‌కు
- ఎక్స్‌అర్రే: రీఎనాలిసిస్ (గడిచిన ఏళ్ల వాతావరణాన్ని మోడల్‌తో తిరిగి లెక్కగట్టిన డేటా) నెట్‌సీడీఎఫ్ ఫైళ్లు చదవడానికి
- పైవేక్ లేదా ఫ్లోరిస్: చివర్లో, టర్బైన్ల వేక్ నష్టాలు (ఒక టర్బైన్ వెనక గాలి మందగించడం వల్ల వచ్చేవి) లెక్కించాల్సి వస్తే

ఒకదాన్ని గుర్తుంచుకోండి. ఓపెన్ఓఏ పేరు వెతుకులాటలో తరచూ కనబడుతుంది. అది నడుస్తున్న విండ్ ఫార్మ్ డేటా కోసం చేసింది. టర్బైన్లు పెట్టకముందు మాస్ట్ డేటా చూసే ఈ పనికి అది కాదు.

ప్రతి ప్రాజెక్టుకు వేరే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టండి. లైబ్రరీల వెర్షన్లన్నీ ఒక టెక్స్ట్ ఫైల్‌లోకి రాయించండి. ఆరు నెలల తర్వాత అదే నోట్‌బుక్ నడిపితే అదే అంకె రావాలి. కొత్త పైథాన్ వెర్షన్ విడుదలైన రోజే అన్ని లైబ్రరీలూ దానికి సిద్ధమైపోవు. ఇన్‌స్టాల్ మొండికేస్తే ఒకటి రెండు వెర్షన్లు వెనక్కి వెళ్లండి.

ఫోల్డర్లు నాలుగు: ముడి, శుభ్రం, రిఫరెన్స్, ఫలితాలు. ముడి ఫోల్డర్‌లోని ఫైళ్లను రీడ్-ఓన్లీ చేసేయండి. ఏ మార్పు జరిగినా కోడ్‌లోనే జరగాలి. ముడి ఫైల్‌ను స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి సేవ్ చేస్తే తేదీల ఫార్మాట్ మీకు తెలియకుండానే మారిపోవచ్చు.

## 3. ఫైల్ లోడ్ చేయడం

మొదట టెక్స్ట్ ఎడిటర్‌లో ఫైల్ తెరిచి కళ్లతో చూడండి. పైన ఎన్ని లైన్ల హెడర్ ఉంది, కామాతో విడగొట్టారా ట్యాబ్‌తోనా, డేటా లేని చోట ఏం రాశారు అన్నవి ముందు తెలియాలి. 9999, -999 వంటివి చాలా లాగర్లలో ఖాళీకి గుర్తులు. లోడ్ చేసేటప్పుడే వాటిని ఖాళీలుగా చదవమని చెప్పకపోతే సగటు గాలి వేగం వందల్లోకి వెళ్లిపోతుంది. అలా వెళ్లడమే నయం, కనీసం తప్పు కనబడుతుంది. అలాంటివి రెండు మూడే ఉంటే సగటు కొద్దిగా మాత్రమే కదిలి మిమ్మల్ని మోసం చేస్తుంది.

ఎక్కువగా జరిగే తప్పు తేదీ ఫార్మాట్‌లో ఉంటుంది. రోజు ముందా, నెల ముందా అన్నది పాండాస్ ఊహకు వదలొద్దు, ఫార్మాట్ స్పష్టంగా ఇవ్వండి. రోజూ నెలా తారుమారైతే ఒక గుర్తు కనిపిస్తుంది: ప్రతి నెలలో మొదటి 12 రోజుల డేటా వేరే నెలల్లోకి చెదిరిపోతుంది, 13వ తేదీ నుంచి సరిగ్గా ఉంటుంది లేదా ఎర్రర్ వస్తుంది.

తర్వాత పది నిమిషాల పూర్తి కాలక్రమం ఒకటి తయారుచేసి, డేటాను దానిలో పొదగండి. రోజుకు 144 వరసలు, లీపు కాని ఏడాదికి 52,560. ఒకే టైమ్‌స్టాంప్ రెండుసార్లు వస్తే ఎందుకొచ్చిందో తేలకుండా ఒకదాన్ని తీసేయొద్దు. గడియారం సరిచేసిన రోజున అలా వస్తుంది, ఫైల్ రెండుసార్లు కలిపినా వస్తుంది. ఈ రెండింటికీ పరిష్కారం ఒకటి కాదు.

☐ మొదటి, చివరి టైమ్‌స్టాంప్ రిపోర్టుతో సరిపోయాయా
☐ నెలవారీగా డేటా లభ్యత శాతం పట్టిక వేశారా
☐ ప్రతి కాలమ్ కనిష్ఠం, గరిష్ఠం చూశారా

## 4. గడియారం సరిచూడటం

కోరిలేషన్ ఎందుకు తక్కువగా వస్తోందో తెలియక నేను ఒకసారి దాదాపు వారం రోజులు రిగ్రెషన్ పద్ధతులు మారుస్తూ కూర్చున్నాను. చివరికి తేలిందేమిటంటే లాగర్ స్థానిక సమయంలో ఉంది, రిఫరెన్స్ (పోల్చడానికి తీసుకున్న రీఎనాలిసిస్ డేటా) యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంది. నేను జోన్ మార్పును కూడాల్సింది పోయి తీసేశాను. అప్పటి నుంచి ఈ మూడు పరీక్షలు చేయకుండా ముందుకు పోవడం లేదు.

మొదటిది ఉష్ణోగ్రత. మొత్తం డేటాలో గంటల వారీగా సగటు ఉష్ణోగ్రత గీయండి. స్థానిక సమయంలో అయితే గరిష్ఠం మధ్యాహ్నం దాటాక, కనిష్ఠం సూర్యోదయానికి దగ్గర్లో రావాలి. రాత్రి పదికి గరిష్ఠం వస్తే గడియారం ఎక్కడో తప్పింది.

రెండోది రిఫరెన్స్‌తో పోలిక. రీఎనాలిసిస్ గాలి వేగాన్ని గంట చొప్పున ముందుకూ వెనక్కూ జరుపుతూ కోరిలేషన్ చూడండి. జరపనప్పుడు అత్యధికంగా ఉండాలి. అరగంట తేడా ఉన్న టైమ్ జోన్లలో పది నిమిషాల డేటాను ముందు సరిగ్గా జరిపి, ఆ తర్వాతే గంట సగటు తీయండి. గంట సగటు తీశాక అరగంట జరపడం కుదరదు.

మూడోది ఈ రెండో పరీక్షనే నెలనెలా చేయడం. మధ్యలో ఎవరైనా వెళ్లి లాగర్ గడియారం మార్చి ఉంటే ఒక నెల నుంచి అత్యధిక కోరిలేషన్ పక్కకు జరిగి కనిపిస్తుంది. డేలైట్ సేవింగ్ పాటించే చోట లాగర్‌ను ఆ సమయానికే పెట్టి ఉంటే ఏడాదిలో ఒకసారి గంట ఖాళీ, ఒకసారి గంట రెట్టింపు కనబడతాయి.

## 5. క్యాలిబ్రేషన్ మళ్లీ వేయడం

కప్పు అనీమోమీటర్ (గాలి వేగం కొలిచే సెన్సర్) నిజానికి ఇచ్చేది తిరిగిన వేగాన్ని చెప్పే పల్స్‌లు. వాటిని స్లోప్‌తో గుణించి ఆఫ్‌సెట్ కలిపితే గాలి వేగం వస్తుంది. లాగర్‌లో ఒక జత అంకెలు, సర్టిఫికెట్‌లో ఇంకో జత ఉంటే వెనక్కి వెళ్లి మళ్లీ లెక్కించాలి.

ఉదాహరణకు లాగర్‌లో స్లోప్ 0.765, ఆఫ్‌సెట్ 0.35 అనుకుందాం. సర్టిఫికెట్‌లో 0.758, 0.37 ఉన్నాయి. ఫైల్‌లో వేగం సెకనుకు 7.00 మీటర్లు.

- 7.00 నుంచి 0.35 తీసేసి 0.765తో భాగిస్తే 8.693 హెర్ట్జ్
- దాన్ని 0.758తో గుణించి 0.37 కలిపితే 6.959

తేడా 0.6 శాతమే. కానీ శక్తిలో అది 1.8 శాతం. ఈ లెక్క చేసే ఫంక్షన్ బ్రైట్‌విండ్‌లో ఉంది.

ప్రామాణిక విచలనం కాలమ్‌కు ఆఫ్‌సెట్ వేయొద్దు. దాన్ని రెండు స్లోప్‌ల నిష్పత్తితో మాత్రమే గుణించాలి. టర్బులెన్స్ (గాలి వేగపు ఊగిసలాట) లెక్కలు తేడాగా రావడానికి చాలాసార్లు ఇదే కారణం.

లాగర్‌లో ఏ ఆఫ్‌సెట్ ఉందో రిపోర్టులో లేకపోతే ఫైల్‌లో వేగపు కనిష్ఠ విలువ చూడండి. కప్పులు అసలు తిరగనప్పుడు కూడా చాలా లాగర్లు ఆఫ్‌సెట్‌ను అలాగే రాస్తాయి. కనిష్ఠం పదేపదే 0.35 దగ్గరే ఆగుతుంటే జవాబు దొరికినట్టే.

## 6. దిశను నమ్మే ముందు

వేన్ తప్పు దిక్కుకు బిగించి ఉండటం నేను చూసినన్ని సార్లు ఇంకే తప్పూ చూడలేదు. బూమ్ దిక్కును అయస్కాంత దిక్సూచితో కొలిచి, నిజ ఉత్తరానికి మార్చడం మరిచిపోవడం దాని తర్వాతది.

దీన్ని డేటాతోనే పట్టుకోవచ్చు. ఒకే ఎత్తులో రెండు అనీమోమీటర్లుంటే వాటి వేగాల నిష్పత్తిని దిశకు ఎదురుగా గీయండి. గాలి మాస్ట్‌ను దాటి అనీమోమీటర్‌కు తగిలే దిశలో ఆ నిష్పత్తి ఒక్కసారిగా పడిపోతుంది. దీన్నే టవర్ షాడో అంటారు. బూమ్ 315 డిగ్రీలకు చూస్తుంటే, ఆ అనీమోమీటర్ మీద నీడ పడేది గాలి 135 నుంచి వచ్చినప్పుడు. పతనం మీ గ్రాఫ్‌లో 155 దగ్గర కనబడితే వేన్ 20 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందన్నమాట. అయితే రెండో బూమ్ నీడ కూడా అంతే జరిగిందా అన్నది చూడండి. రెండూ ఒకే మేర జరిగితే తప్పు వేన్‌ది. ఒక్కటే జరిగితే ఆ బూమ్ దిక్కు తప్పుగా రాసి ఉండొచ్చు.

దిశలకు మామూలు సగటు తీయకండి. 359, 1 డిగ్రీల సగటు 180 కాదు, సున్నా. సైన్, కొసైన్ భాగాల సగటు తీసి తిరిగి కోణంలోకి మార్చాలి. పది నిమిషాల నుంచి గంటకు మార్చేటప్పుడు పాండాస్ మామూలు సగటే తీస్తుంది కాబట్టి ఇది మీరే చూసుకోవాలి. దిశ కాలమ్ ఏదో చెబితే బ్రైట్‌విండ్ సగటు ఫంక్షన్ సరిగ్గా తీస్తుంది.

## 7. క్లీనింగ్: చెరపడం కాదు, గుర్తు పెట్టడం

ఈ మెట్టుకు ఎంత సమయం పడితే అంత ఇవ్వండి. ఆటోమేటిక్ ఫిల్టర్లు నేను అనుమానాలు చూపించడానికి మాత్రమే వాడతాను. తీసేయాలా వద్దా అన్నది నెలనెలా గ్రాఫ్ చూసి నేనే నిర్ణయిస్తాను.

ఏ విలువనూ చెరపకండి. ఒక క్లీనింగ్ ఫైల్ పెట్టి సెన్సర్ పేరు, మొదలు, ముగింపు, కారణం రాయండి. కోడ్ ఆ ఫైల్ చదివి ఆ కాలాన్ని ఖాళీ చేస్తుంది. రేపు ఎవరైనా "ఈ మూడు రోజులు ఎందుకు తీసేశారు" అని అడిగితే జవాబు ఉండాలి. ఇలాంటి ఫైల్‌ను అమలుచేసే ఫంక్షన్ కూడా బ్రైట్‌విండ్‌లో ఉంది.

వెతకాల్సినవి:

మంచు పట్టడం. ఉష్ణోగ్రత సుమారు 2 డిగ్రీల కన్నా తక్కువ, వేగం ప్రామాణిక విచలనం సున్నా, లేదా వేన్ గంటల తరబడి ఒకే కోణంలో ఉండటం. కప్పులు పూర్తిగా ఆగకముందు నెమ్మదించే దశ ఒకటుంటుంది. ఆగిన కాలం ఒక్కటే తీసేస్తే ఆ నెమ్మదించిన గంటలు డేటాలోనే మిగిలిపోతాయి. పక్కనున్న సెన్సర్‌తో పోల్చి మొదలు, చివర కొంచెం వెడల్పుగా గుర్తు పెట్టండి.

బేరింగ్ అరుగుదల. ఇది ఒక్కరోజులో కనబడదు. ఒకే ఎత్తులోని రెండు అనీమోమీటర్ల నిష్పత్తిని, నీడ పడే దిశలు తీసేసి, నెలవారీగా గీయండి. 1.00 దగ్గర ఉన్న గీత నెలల తరబడి ఒకే వైపు జారుతుంటే వాటిలో ఒకటి అరుగుతోంది. ఏదన్నది ఇంకో ఎత్తులోని సెన్సర్‌తో తేల్చుకోండి.

టవర్ షాడో. బూమ్‌కు ఎదురు దిశలో పతనం ఎంత వెడల్పున ఉందో గ్రాఫ్‌లోనే కొలిచి, ఆ సెక్టార్ మొత్తాన్ని ఆ సెన్సర్‌కు మాత్రమే తీసేయండి.

స్పైక్‌లు. పది నిమిషాల గరిష్ఠం అమాంతం పెరిగి, పక్క సెన్సర్‌లో ఏమీ లేకపోతే కరెంటు సంబంధమైన తప్పు కావచ్చు. అన్ని సెన్సర్లలోనూ పెరిగితే అది నిజమైన గాలివాన. దాన్ని ముట్టుకోకండి.

ఇక్కడ రెండు పెద్ద తప్పులు జరుగుతాయి. ఒకటి, గాలి లేని గంటల్ని "అనుమానంగా ఉంది" అని తీసేయడం. అప్పుడు సగటు అబద్ధంగా పెరుగుతుంది. రెండోది, మంచు కాలం మొత్తం తీసేసి మిగిలినదాన్నే ఏడాది సగటు అనడం. తీసేసిన గంటలు ఏ ఋతువులో ఉన్నాయో చూడాలి. నెలవారీ సగటులు తీసి, నెలల్లో ఉన్న రోజుల బరువుతో వాటి సగటు తీస్తే ఈ వంకర చాలావరకు తగ్గుతుంది.

ఒకే ఎత్తులో రెండు అనీమోమీటర్లుంటే ఇప్పుడు వాటిని ఒక్క సిరీస్‌గా కలపండి. రెండూ ఉన్నప్పుడు సగటు, ఒకదానికి నీడ పడితే రెండోది. కలిపే ముందు రెండింటి మధ్య స్థిరమైన తేడా ఏమైనా ఉందా చూడండి. ఉంటే ఒకటి పోయి ఇంకోటి వచ్చినచోట మెట్టులా కనబడుతుంది.

## 8. షియర్: ఎత్తుతో గాలి ఎలా పెరుగుతోంది

సూత్రం చిన్నది. రెండు వేగాల నిష్పత్తి లాగరిథమ్‌ను, రెండు ఎత్తుల నిష్పత్తి లాగరిథమ్‌తో భాగిస్తే ఆల్ఫా వస్తుంది. 50 మీటర్ల దగ్గర 6.3, 80 మీటర్ల దగ్గర 6.8 అయితే ఆల్ఫా 0.162. దాంతో 120 మీటర్లకు వెళితే 6.8 కాస్తా 7.26 అవుతుంది.

సూత్రం ఎంత సులువో తప్పు చేయడం కూడా అంతే సులువు. పై అనీమోమీటర్‌లో 1 శాతం తప్పుందనుకోండి. 50, 80 మీటర్ల జతతో 120కి వెళితే ఆ 1 శాతానికి తోడు ఇంకో 0.9 శాతం దాకా కలుస్తుంది. అదే 70, 80 మీటర్ల జత వాడితే కలిసేది 3 శాతం. దగ్గరదగ్గర ఎత్తుల జత వాడొద్దని చెప్పేది ఇందుకే.

☐ రెండు ఎత్తుల్లోనూ డేటా ఉన్న పది నిమిషాలే వాడారా
☐ రెండు సెన్సర్లూ ఒకే వైపు బూమ్‌ల మీద ఉన్నాయా
☐ సెకనుకు 3 మీటర్ల కన్నా తక్కువ వేగాలు వదిలేశారా
☐ ఏడాదిలోని అన్ని నెలలూ ఉన్నాయా

మొత్తానికి ఒకే ఆల్ఫా వాడొద్దు. పగలు నేల వేడెక్కి గాలి పొరలు కలిసిపోతాయి, ఆల్ఫా తగ్గుతుంది. రాత్రి పొరలు విడిపోయి బాగా పెరుగుతుంది. నెల, గంటల వారీగా 12 × 24 పట్టిక తీసుకుని, ప్రతి పది నిమిషాలకూ తన గడిలోని ఆల్ఫాతో ఎత్తు పెంచండి. ఏడాది సగటు పెద్దగా మారకపోవచ్చు. కానీ ఏ గంటలో ఎంత గాలి అన్నది మారుతుంది, దాంతో ఉత్పత్తి లెక్క కూడా మారుతుంది.

మాస్ట్ ఎత్తు హబ్ (టర్బైన్ రెక్కలు కలిసే కేంద్రం) ఎత్తులో కనీసం మూడింట రెండు వంతులుండాలన్నది ఈ రంగంలో వాడుకలో ఉన్న నియమం. అంతకన్నా తక్కువుంటే లెక్క చేయండి, కానీ ఆ అంకె పక్కనే ఆ సంగతి రాయండి.

## 9. దీర్ఘకాలానికి సర్దుబాటు

ఒక ఏడాది కొలత ఆ ఏడాది గాలి ఎలా ఉందో చెబుతుంది, అంతే. అది మంచి ఏడాదో, మందకొడి ఏడాదో తేలాలంటే దీర్ఘకాల రిఫరెన్స్ కావాలి. ఉచితంగా దొరికే రీఎనాలిసిస్ డేటాల్లో రెండు ముఖ్యం.

- ఈఆర్ఏ5: గంటగంటకు, 0.25 డిగ్రీల గ్రిడ్, 1940 నుంచి, 100 మీటర్ల గాలి నేరుగా దొరుకుతుంది
- మెర్రా-2: గంటగంటకు, 0.5 × 0.625 డిగ్రీల గ్రిడ్, 1980 నుంచి, 50 మీటర్ల గాలి

రెండూ దించుకోండి. ఒక్కదాన్నే నమ్మితే అందులోని లోపం కనబడదు.

వాటిలో గాలి యూ (తూర్పు వైపు వేగం), వీ (ఉత్తరం వైపు వేగం) అనే రెండు భాగాలుగా ఉంటుంది. ప్రతి గంటకూ ముందు వేగం లెక్కించి, తర్వాతే రోజు సగటో నెల సగటో తీయండి. యూ, వీ సగటులు ముందు తీస్తే ఎదురెదురు గాలులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని వేగం తక్కువగా వస్తుంది. నెలసరి యూ, వీ ఫైళ్లు దించుకుని వాడేవాళ్లు ఇక్కడే పడతారు.

దిశ కోసం ఆర్క్‌టాన్2లో యూ ముందు, వీ తర్వాత ఇచ్చి, డిగ్రీల్లోకి మార్చి 180 కలపండి. పరీక్షకు యూ 1, వీ 0 ఇస్తే 270 రావాలి, అంటే పడమటి గాలి. 90 వస్తే మీరు గాలి పోయే దిక్కు లెక్కిస్తున్నారు.

టైమ్‌స్టాంప్ విషయంలో ఇంకో జాగ్రత్త. ఈఆర్ఏ5 గాలి ఆ గంట దగ్గరి క్షణానిది. మెర్రా-2 గంట సగటు ఫైళ్లలో సమయం గంట నడుమ, అంటే 00:30 అని ఉంటుంది. మాస్ట్ గంట సగటును దానికి తగ్గట్టు కట్టండి. గంటలో డేటా 90 శాతం కన్నా తక్కువుంటే ఆ గంటను వదిలేయండి.

పద్ధతి ఎంచుకోవడం: మామూలు లీస్ట్ స్క్వేర్స్ సగటును సరిగ్గానే ఇస్తుంది కానీ ఊగిసలాటను కుదించేస్తుంది. బలమైన గాలులు తగ్గి, బలహీనమైనవి పెరిగి కనబడతాయి. శక్తి లెక్కకు ఇది పనికిరాదు. వేరియన్స్ రేషియో పద్ధతి ఆ లోపాన్ని సరిచేస్తుంది. రిఫరెన్స్ విలువ దాని సగటు నుంచి ఎంత దూరముందో చూసి, ఆ దూరాన్ని రెండు ప్రామాణిక విచలనాల నిష్పత్తితో గుణించి, మాస్ట్ సగటుకు కలపడమే ఆ లెక్క. పాండాస్‌లో రెండు మూడు లైన్లలో అయిపోతుంది. బ్రైట్‌విండ్‌లో ఆర్తోగొనల్ లీస్ట్ స్క్వేర్స్, స్పీడ్ సార్ట్ కూడా ఉన్నాయి. మూడు పద్ధతులూ నడిపి సగటులు పోల్చండి. అవి బాగా విడిపోతే పద్ధతి మార్చి లాభం లేదు, డేటా దగ్గరకు తిరిగి వెళ్లండి.

ఆర్ స్క్వేర్ (కోరిలేషన్ ఎంత బలంగా ఉందో చెప్పే అంకె) ఒక్కటే చూసి సంతోషపడకండి. కొన్ని నెలలు దాచిపెట్టి, మిగతావాటితో సంబంధం కట్టి, దాచిన నెలల్ని ఊహించండి. ఊహించిన సగటు, వేగాల ఘనపు సగటు రెండూ కొలిచినవాటికి దగ్గరగా రావాలి.

రిఫరెన్స్‌లో ఏటేటి సగటు గీసి, మధ్యలో మెట్టు గానీ ఒకే వైపు వాలు గానీ ఉందా చూడండి. రెండు రిఫరెన్స్‌లూ ఏకీభవించే ఇటీవలి 15 నుంచి 20 ఏళ్లు తీసుకోవడం నా పద్ధతి. ఎక్కువ ఏళ్లు ఉన్నంతమాత్రాన ఎక్కువ నిజం కాదు.

## 10. ఫలితాలు తీయడం

విండ్ రోజ్‌కు (దిశల పటానికి) 12 లేదా 16 సెక్టార్లు చాలు. ఒకటి వేగానికి, ఒకటి శక్తికి గీయండి. తరచుగా వీచే దిక్కు, ఎక్కువ శక్తినిచ్చే దిక్కు వేరువేరుగా ఉండవచ్చు.

వీబుల్ ఫిట్‌కు సైపై వాడితే లొకేషన్ పరామితిని సున్నా దగ్గర కట్టేయండి. వదిలేస్తే సైపై దాన్ని కూడా తనకు నచ్చినట్టు జరిపి, మీకు వచ్చే ఆకార, స్కేల్ అంకెలు ఎవరితోనూ పోల్చలేనివిగా చేస్తుంది. ఫిట్ అయ్యాక దాని సగటు, ఘనపు సగటు అసలు డేటాతో పోల్చండి. గాలి రెండు శిఖరాల పంపిణీలో ఉంటే వీబుల్ పక్కన పెట్టి నేరుగా ఫ్రీక్వెన్సీ టేబుల్ వాడండి.

శక్తి సాంద్రతను సగటు వేగం నుంచి లెక్కించకండి. సగటు వేగం సెకనుకు 7 మీటర్లు, గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.225 కిలోలు అనుకుని ఘనం వేస్తే చదరపు మీటరుకు 210 వాట్లు వస్తుంది. వీబుల్ ఆకారం 2 అయితే నిజమైన విలువ దానికి 1.91 రెట్లు, అంటే దాదాపు 401. ప్రతి వరసకూ ఘనం వేసి, ఆ తర్వాత సగటు తీయాలి.

ఆ 1.225 కూడా 15 డిగ్రీల దగ్గర సముద్రమట్టానికి చెందినది. పీడనాన్ని 287.05తోనూ కెల్విన్ ఉష్ణోగ్రతతోనూ భాగిస్తే మీ చోటి సాంద్రత వస్తుంది. 35 డిగ్రీలు, 950 హెక్టోపాస్కల్ దగ్గర అది 1.074 మాత్రమే. పీడనాన్ని పాస్కల్‌లోకి మార్చడం మరవద్దు.

పవర్ కర్వ్, వేక్ నష్టాలకు వెళ్లేవాళ్లు సెక్టార్ వారీ ఫ్రీక్వెన్సీలు, వీబుల్ అంకెలు తీసుకుని పైవేక్‌లోకి ఇవ్వవచ్చు. అది వేరే గైడ్ అవుతుంది.

## 11. ఎక్కడైనా ఆగిపోతే

- కోరిలేషన్ గంటల స్థాయిలో తక్కువ, నెలల స్థాయిలో బాగుంది: గడియారం చూడండి. అది సరిగ్గా ఉంటే, రిఫరెన్స్ గ్రిడ్‌కు అందని స్థానిక కొండలు, సముద్రపు గాలి వంటివి కారణం కావచ్చు.
- నెలల స్థాయిలో కూడా తక్కువ: సెన్సర్ మార్చిన తేదీలు, క్యాలిబ్రేషన్ జతలు మళ్లీ సరిచూడండి.
- షియర్ రుణాత్మకంగా వస్తోంది: రెండు ఎత్తుల కాలమ్ పేర్లు తారుమారు అయ్యాయేమో ముందు చూడండి. కొండ శిఖరాల మీద కొన్ని దిశల్లో నిజంగానే అలా రావచ్చు, కాబట్టి సెక్టార్ వారీగా చూసి తేల్చండి.
- షియర్ ఒకే సెక్టార్‌లో అసాధారణం: టవర్ షాడో పూర్తిగా తీయలేదు, లేదా అటువైపు చెట్లో కట్టడమో ఉంది.
- విండ్ రోజ్ రిఫరెన్స్‌తో సరిపోవడం లేదు: మాస్ట్ రోజ్, రీఎనాలిసిస్ రోజ్ పక్కపక్కన పెట్టండి. ఆకారం అదే ఉండి మొత్తం తిరిగి ఉంటే వేన్ ఆఫ్‌సెట్ దగ్గరకు వెళ్లండి.
- నోట్‌బుక్ మళ్లీ నడిపితే వేరే అంకె వస్తోంది: సెల్స్ వరస తప్పి నడిపారు. కెర్నల్ రీస్టార్ట్ చేసి పై నుంచి కింది దాకా ఒక్కసారిగా నడపండి. అలా వచ్చిన అంకెనే రిపోర్టులో రాయండి.